చండీగఢ్‌లో కార్బూజియే నీడ, మా హోటల్ ఎండ

దేశ విభజనలో లాహోర్ పాకిస్తాన్‌కు పోవడంతో రాజధాని లేకుండా మిగిలిన తూర్పు పంజాబ్ కోసం కట్టిన నగరం చండీగఢ్. 2014 తరువాత మన రాజధాని గురించి సాగిన వాదనలన్నింటిలోనూ ఎవరో ఒకరు ఆ పేరు ఎత్తుతూనే వచ్చారు కనుక, ఆ ఊరిని, దాన్ని రూపుదిద్దిన స్విస్-ఫ్రెంచ్ వాస్తుశిల్పి లె కార్బూజియే కట్టడాలను ఒకసారి కళ్ళారా చూడాలన్న కోరిక నాలో మిగిలిపోయింది. మే నెలలో సిమ్లా వెళ్తూ నేనూ, మా ఆవిడా, విజయవాడలో అపార్ట్‌మెంట్లు కట్టే మా బావమరిదీ అక్కడ ఆగాం. ఢిల్లీ నుంచి రైలు ప్రయాణం గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. వేళకు బయలుదేరి వేళకు చేరింది.

చెప్పుకోవలసింది బస గురించి. ఆ హోటల్ పేరు రాయను గానీ, లోపలికి అడుగుపెట్టగానే గుండ్రటి నల్లకళ్ళద్దాలతో కార్బూజియే నిలువెత్తు ఫోటో ఎదురవుతుంది. మామూలు గది కంటే 900 రూపాయలు ఎక్కువ పెట్టి, ఆయన పేరు తగిలించిన 'హెరిటేజ్ గది' తీసుకుంటే రోజుకు 4,200, పన్నుతో కలిపి 4,704 రూపాయలు అయింది. ఆ పేరుకు తగ్గట్టు గదిలో ఉన్నది గోడకు వేలాడదీసిన ఒక నగర పటం, సిమెంటు రంగు పూసిన ఒక బల్ల. పడమటి గోడ మొత్తం ఒకే అద్దం. తెరవడానికి ఒక్క రెక్క లేదు, పైన సన్‌షేడ్ లేదు. మధ్యాహ్నం మూడు దాటేసరికి ఎండ నేరుగా మంచం మీద పడింది, ఏసీ రొద పెట్టడమే తప్ప చల్లబరచడం మానేసింది, కర్టెన్‌ను ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. గది మార్చమని కిందకు వెళ్ళి అడిగితే, తూర్పు వైపు గదికి రోజుకు మరో 1,500 అవుతుందని, ఇది 'మోడర్న్ డిజైన్' అని, చూడడానికి వచ్చేవాళ్ళు అద్దమే కోరుకుంటారని మేనేజరు నవ్వుతూ చెప్పాడు. మా ఆవిడ ఆ రాత్రి భోజనం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. బావమరిది మాత్రం ఆ అద్దం మీద అరచెయ్యి ఆనించి, "బావా, మా దగ్గర మేస్త్రీ ఇలా కడితే కూలి కూడా ఇవ్వం" అన్నాడు.

ఆ కోపంతోనే మరునాడు పొద్దున హైకోర్టు, అసెంబ్లీ, సచివాలయం ఉన్న సెక్టార్ 1లోని కాపిటల్ కాంప్లెక్స్‌కు వెళ్ళాం. అక్కడ తిప్పి చూపించడానికి రుసుము ఏమీ లేదు. హైకోర్టు దగ్గరి పర్యాటక కేంద్రంలో అసలు గుర్తింపు కార్డు చూపించి పేరు రాయించుకుంటే, గైడు వెంట గుంపుగా తీసుకెళ్తారు. హోటల్ వాళ్ళు ఇదే సందర్శనను మనిషికి 800 రూపాయల 'ప్యాకేజీ'గా అమ్మజూపారు కనుక ఈ సంగతి నొక్కి చెబుతున్నాను. మాకు దొరికిన గైడు ఓపికమంతురాలు, అడిగినదానికల్లా తొణక్కుండా జవాబు చెప్పింది.

హైకోర్టు ముందు నిలబడగానే మా హోటల్‌కూ ఆ ఫోటోలోని మనిషికీ ఏ సంబంధమూ లేదని తేలిపోయింది. 1955లో ప్రారంభమైన ఆ భవనానికి ఒకటి కాదు, రెండు కప్పులు; అసలు గదుల కప్పుకూ దాని మీద గొడుగులా విప్పారిన పై కప్పుకూ నడుమ గాలి ఆడేంత ఖాళీ వదిలారు కాబట్టి ఎండ వేడి పై కప్పు దగ్గరే ఆగిపోతుంది. ముఖభాగమంతా అడ్డంగా, నిలువుగా అల్లిన లోతైన కాంక్రీటు పలకలు. వేసవిలో నడినెత్తికి వచ్చే సూర్యుణ్ణి ఆపి, చలికాలంలో కిందుగా వాలే ఎండను లోపలికి రానివ్వాలన్నది వాటి లెక్క. ప్రవేశం దగ్గర ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు పూసిన మూడు భారీ స్తంభాలను వదిలేస్తే మిగతాదంతా పచ్చి కాంక్రీటే. "దీనికి ప్లాస్టరింగ్ చేయించడం మర్చిపోయారా?" అంటూ మొదలుపెట్టిన బావమరిది, గోడ దగ్గరకు వెళ్ళి సెంట్రింగ్ పలకల చెక్కగీతలు, ఒక చోట మేకు గుర్తుతో సహా, సిమెంటులో అలాగే అచ్చుపడి ఉండడం చూసి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ప్లాస్టరింగ్ ఉంటే తప్పులు కప్పుకోవచ్చు, ఇక్కడ ఆ వీలు లేదు కదా అని తరువాత తనే అన్నాడు.

అయితే ఈ మహానుభావుడి నీడ భవనాల లోపలికే పరిమితం. హైకోర్టు నుంచి అసెంబ్లీ దాకా పరిచిన మైదానంలో ఒక్క చెట్టు కింద కూడా నిలబడే అవకాశం లేక, పదకొండు గంటల ఎండలో మా ఆవిడ కొంగు నెత్తిన కప్పుకుని గైడు కంటే ముందు నడిచేసింది. సూర్యుడి గమనాన్ని నిరూపించడానికి కట్టిన 'నీడల గోపురం' ఆ మైదానంలోనే ఉండడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. కాంక్రీటు పగలంతా పీల్చిన వేడిని సాయంత్రం వదులుతుందన్న విమర్శ కూడా పాతదే. 254 మీటర్ల పొడవున్న సచివాలయానికి ఎక్కడ పడితే అక్కడ ఏసీ పెట్టెలు బిగించి ఉన్నాయి. హైకోర్టులో ప్రధాన న్యాయమూర్తి కోర్టు ముందు వరండా వేసుకోవచ్చా లేదా అన్న తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2025లో వరండాకే అనుకూలంగా తేలింది. 2016లో యునెస్కో గుర్తింపు పొందిన చోట ఇటుక కదిపినా గొడవే మరి. అసెంబ్లీ లోపలికి ప్రత్యేక అనుమతి కావాలి, మాకు లేదు. గాలికి తిరిగే 26 మీటర్ల 'తెరచిన చెయ్యి' శిల్పాన్ని మాత్రం దగ్గరగా చూశాం. అది కార్బూజియే పోయిన ఇరవై ఏళ్ళకు, 1985లో గానీ నిలబడలేదు.

మధ్యాహ్నం సెక్టార్ 22లో ఒక చిన్న ధాబాలో కుల్చా, శనగల కూర తిన్నాం. ముగ్గురికీ లస్సీతో కలిపి 430 రూపాయలు, మా ఆవిడ ముఖంలో నవ్వు వచ్చింది అప్పుడే. వ్యర్థాలతో నేక్‌చంద్ కట్టిన రాక్ గార్డెన్ టికెట్టు 30 రూపాయలు. అంత డబ్బుకు అంతకు మించిన వినోదం ఆ ఊళ్ళో లేదు.

నా మనసు పట్టుకున్నది మాత్రం సెక్టార్ 5లోని ఒక పాత ఇల్లు. అందులో ఉన్నది కార్బూజియే కాదు, ఆయన దాయాది పియర్ జానరే. 1951 ఫిబ్రవరిలో సిమ్లా దారిలోని ఒక విడిదిలో కూర్చుని, అంతకు ముందు ఆల్బర్ట్ మేయర్ వేసిన నగర పథకాన్ని కొద్ది రోజుల్లో తిరగరాసిన కార్బూజియే, ఒప్పందం ప్రకారం ఏడాదికి రెండుసార్లు, నెల చొప్పున వచ్చి వెళ్ళేవాడు. పని దగ్గర ఉండి 1965 దాకా ఇక్కడే బతికినవాడు జానరే. గుమాస్తాల, బంట్రోతుల క్వార్టర్ల మీద ఆయనా, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ దంపతులూ, వారితో పనిచేసిన మన యువ వాస్తుశిల్పులూ చేసిన శ్రమ పెద్ద భవనాల ఫోటోల వెనక పడిపోయింది. 2017 నుంచి మ్యూజియంగా ఉన్న ఆ ఇంటికి ఖరీదైన వస్తువంటూ ఏమీ వాడలేదు. ఇటుకలను సందులు వదిలి పేర్చిన జాలీగోడ వెనక నిలబడితే ఎండ ముక్కలై పడుతుంది, గాలి ఆగకుండా వస్తుంది. మే మధ్యాహ్నం ఆ గదిలో ఫ్యాను కింద మేము హాయిగా కూర్చున్నాం. 1967లో జెనీవాలో చనిపోయిన ఆయన అస్థికలను తెచ్చి సుఖ్నా సరస్సులో కలిపారు. ఆయన రోజుల్లో ప్రభుత్వ కార్యాలయాల కోసం చేయించిన టేకు, కేన్ కుర్చీలు పాత సామానుగా వేలానికి పోయి, విదేశాల్లో లక్షల రూపాయలు పలుకుతున్నాయి.

సెక్టార్ 19లో, తొలినాళ్ళ వాస్తుశిల్పుల కార్యాలయంలో ఉన్న లె కార్బూజియే కేంద్రాన్ని కూడా వదలకండి. నెహ్రూతో నడిచిన ఉత్తరాలు అక్కడే ఉన్నాయి. నగర శాసనంలో వ్యక్తుల విగ్రహాలు పెట్టకూడదన్న నిబంధన ఒకటి ఉంది. కూడలికో విగ్రహం చూసే మనబోటి వాళ్ళకు ఆ ఊరి రోడ్లు కొంత బోసిగా అనిపించడానికి అదీ ఒక కారణం.

హోటల్ ఖాళీ చేసేటప్పుడు అదనంగా తీసుకున్న 900 తిరిగివ్వమని అడిగితే, రెండు ఉచిత అల్పాహారం కూపన్లు చేతిలో పెట్టారు. అప్పటికి మేము ఊరు వదిలి వెళ్తున్నాం. పెద్ద పేరున్న గదుల జోలికి పోకుండా, పాత సెక్టార్లలో, కిటికీ తెరుచుకునే, పడమర వైపు కాని గదిని ఫోన్లో అడిగి మరీ తీసుకోండి. 2,000 రూపాయల లోపే దొరుకుతాయి. ఒక్క రోజే ఉంటే ఉదయం కాపిటల్ కాంప్లెక్స్, ఎండ ముదిరాక జానరే ఇల్లు చూడండి. సోమవారం మాత్రం వద్దు, సెక్టార్ 19 కేంద్రానికీ సెక్టార్ 10లోని ప్రభుత్వ మ్యూజియానికీ ఆ రోజు సెలవు.