తీగలు కొరికే పికాచు మేలా, చెప్పినమాట వినే పికాచు మేలా?

మా అక్క కూతురికి తొమ్మిదేళ్లు. "పిన్నీ, పికాచు పుస్తకం కొనిపెట్టవా?" అని అడిగితే, అదెంత పని అనుకున్నాను. తీరా వెతకబోతే పేరు ఒక్కటే గానీ ఒక్కో పుస్తకంలో ఒక్కో పికాచు. ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు.

పికాచు పుట్టిల్లు పోకెమాన్ అనే జపాను వీడియో ఆట. వింత జీవుల్ని పట్టి, పెంచి, పోటీలకి దింపడమే ఆ ఆట; ఆ జీవుల్నే పోకెమాన్లంటారు. అసలు ఆటలో అది కథానాయకుడేమీ కాదు. 1996 ఫిబ్రవరిలో జపాన్‌లో గేమ్‌బాయ్ అనే చేతిలో పట్టే ఆటపెట్టె మీద వచ్చిన రెడ్, గ్రీన్ ఆటల్లో 25వ నంబరు జీవి. ఎలుక జాతి, 40 సెంటీమీటర్ల పొడవు, 6 కిలోల బరువు. ఆటలోని విరిడియన్ అడవి గడ్డిలో తిరుగుతుంటే నూటికి ఐదుసార్లు ఎదురైతే గొప్ప. ఇవి నాలుగైదు ఒకచోట చేరితే పిడుగులు పడతాయని ఆటలోని వివరణ. అత్సుకో నిషిదా రూపకల్పన చేసిన ఆ బుగ్గల ఎలుక 1997లో టీవీ సీరియల్లో కథానాయకుడు ఆష్ పక్కన చేరి, అక్కణ్ణుంచి ప్రపంచమంతా పాకింది. 1998 నాటి యెల్లో ఆటలోనైతే పోకెమాన్లని ఉంచే బంతిలోకి పోనని మొండికేసి మన వెనకాలే నడుస్తుంది. అంటే దానిలో రెండు గుణాలున్నాయి: అడవి ఎలుక ఒకటి, నేస్తం ఒకటి. ఏ పుస్తకం ఏ గుణాన్ని పట్టుకుందన్నదే నేను చూసింది. ముద్దుగా ఉందా లేదా అన్నది చూడలేదు, ముద్దు ఎటూ ఉంటుంది.

పసివాళ్ల దళసరి అట్ట పుస్తకాల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రంగులు బాగుంటాయి, పేజీలు చింపినా చిరగవు. రెండేళ్ల పిల్లలకి చాలు.

ఇక 1999లో స్కొలాస్టిక్ వాళ్లు అమెరికాలో మొదలుపెట్టిన కథల పుస్తకాలు. మొదటిది 'ఐ చూజ్ యూ', ట్రేసీ వెస్ట్ రాసింది. టీవీ మొదటి భాగం కథే: ఆష్ ఆలస్యంగా నిద్ర లేస్తాడు, మూడు పోకెమాన్లూ అప్పటికే ఎవరో పట్టుకుపోయారు, మిగిలింది పెంకి పికాచు. చిన్న వాక్యాలు, తేలిక మాటలు. ఇంగ్లీషు చదవడం అప్పుడే కూడబలుక్కుంటున్న పిల్లలకి ఇంతకంటే మంచి సాకు దొరకదు. కానీ వచ్చిన చిక్కల్లా పికాచుకి మాటలు లేకపోవడం. తెరమీద ఇకుయే ఓతాని గొంతులో ఒక్క "పికా" అంటే కోపమో అలకో మనకి తెలిసిపోతుంది. కాగితం మీద "పికా" అంటే పికాయే. అందుకని దానికి కోపమొచ్చిందని రచయిత్రే చెప్పాల్సి వస్తుంది. చెబితే తెలిసే కోపం వేరు, చెవులు వెనక్కి వాల్చితే తెలిసే కోపం వేరు.

ఆ చెవుల సంగతి బొమ్మల కథలు చూసుకుంటాయి. అసలు పోటీ అక్కడే ఉంది.

తోషిహిరో ఓనో గీసిన 'ఎలక్ట్రిక్ టేల్ ఆఫ్ పికాచు' కూడా టీవీ కథకి దగ్గర చుట్టమే. అయితే ఇందులో, టీవీలోలా ప్రొఫెసర్ ఓక్ ఇచ్చే కానుక కాదు పికాచు. ఆష్ వాళ్లింట్లోనే దూరి కరెంటు తీగలు కొరుకుతూ దొరుకుతుంది! ఆ ఒక్క ఊహకి నేను దాసోహం. కరెంటు తినే ఎలుక ఉంటే మరి ఎక్కడుంటుంది? మన ఇంట్లోనే ఉంటుంది. మా పిల్ల ఆ పేజీ చూసి, "అమ్మమ్మ వాళ్లింట్లో ఫ్రిజ్ వైరు కొరికింది కూడా ఇదేనా?" అంది. అంతకంటే మంచి సమీక్ష నేను రాయలేను. కాకపోతే ఈ పుస్తకాన్ని పిల్ల చేతికి నేరుగా ఇవ్వలేను. ఆడపాత్రల్ని గీసిన తీరు వల్ల అమెరికాలో అచ్చువేసేటప్పుడు కొన్ని బొమ్మలు దిద్దాల్సి వచ్చింది. పైగా పోనుపోను పికాచు పక్కకి జరిగి మనుషుల గోల ఎక్కువవుతుంది. చివర్లో ఆష్ వెంటపడే దొంగలు జెస్సీ, జేమ్స్‌లకి పెళ్లి కూడా అయిపోతుంది!

నా ఓటు 'పోకెమాన్ అడ్వెంచర్స్'కే. 1997లో మొదలైంది. కథ హిదెనోరి కుసాకా, మొదట్లో బొమ్మలు గీసింది 'మాతో' అనే ఆర్టిస్టు. ఆటని పుట్టించిన సతోషి తజిరి తన మనసులోని లోకానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న కామిక్ ఇదేనన్నాడు. ఇక్కడ పికాచు పేరు పికా, వృత్తి దొంగతనం. ప్యూటర్ పట్టణంలో అంగళ్ల మీద పడి తిండి ఎత్తుకుపోతుంటే, విసిగిపోయిన ఊళ్లో కథానాయకుడు రెడ్ దాన్ని పడతాడు. పట్టినంత మాత్రాన లొంగుతుందా? యజమానికే షాకిస్తుంది, మొహం తిప్పుకుంటుంది. ఆ మొహం తిప్పుకోవడం చూడాలి, అచ్చం పాలు తాగేసి మనల్ని ఎరగనట్టు పోయే పిల్లిలాగే. అదే మొండిఘటం ఆ తర్వాత పోటీలో బ్రాక్ అనేవాడి రాతిపాము ఓనిక్స్‌ని పడగొడుతుంది. ఆ చిన్న నేరస్థుడు ఎప్పుడు నేస్తమయ్యాడో ఎక్కడా ప్రకటించరు.

తర్వాతి యెల్లో కథ నాలుగో సంపుటంలో మొదలవుతుంది. రెడ్ కనబడకుండా పోతాడు. పికా ఒక్కటే దెబ్బలతో ఓక్ ప్రయోగశాలకి తిరిగొస్తుంది. గడ్డిటోపీ పెట్టుకున్న యెల్లో అనే పాత్రకి పోకెమాన్ల మనసు చదివే శక్తి ఉంది, కాబట్టి జరిగింది పికా జ్ఞాపకాల్లోంచే తెలుస్తుంది. కథల పుస్తకాన్ని ఇబ్బంది పెట్టిన మాటల్లేనితనమే ఇక్కడ కథకి ఇరుసు.

వంక లేకపోలేదు. లావెండర్ పట్టణంలోని సమాధుల గోపురంలో ఆర్బాక్ అనే పాముని అడ్డంగా రెండు ముక్కలు చేసే ఘట్టం ఉంది. ఏడేళ్లలోపు వాళ్లకి వద్దు. వాళ్లకి ఆ కథల పుస్తకాలే నయం. ఎనిమిది దాటి, కాస్త గుండె గట్టిగా ఉంటే పికాని తెచ్చివ్వండి. ఓనో పుస్తకం దొరికితే మొదటి అధ్యాయం పెద్దలు పక్కన కూర్చుని చూపిస్తే సరి.

మేం అడ్వెంచర్స్ మొదటి సంపుటం కొన్నాం. జపాను పద్ధతిలో కుడి నుంచి ఎడమకి చదవాలని తెలీక పిల్ల ముగింపు ముందు చదివేసింది. మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టింది. ఆర్బాక్ సంగతి మా అక్కకి నేనింకా చెప్పలేదు.