ఫిట్స్ సమయంలో గుండె లయ తెలుసుకోవడానికి హోల్టరా, వీడియో ఈఈజీయా: ఏది మేలు?

మా తమ్ముడికి వచ్చేవి కాళ్లూ చేతులూ కొట్టుకునే ఫిట్స్ కావు. మాటల మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయి, ఎటో చూస్తూ, పెదవులు చప్పరిస్తూ, చొక్కా గుండీలు తడుముకుంటూ అర నిమిషం అలాగే ఉండిపోతాడు. కిందటి ఏడాది చిత్తూరులో మా ఇంటి వసారాలో వేరుశనక్కాయలు ఒలుస్తుండగా అలాగే మొదలైంది గాని, కాసేపటికే మెడ వాలిపోయి, ఒళ్లంతా మెత్తబడి పక్కకు ఒరిగిపోయాడు. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబారింది. మా నాయన అలవాటు కొద్దీ తాళంచెవుల గుత్తి తెచ్చి చేతిలో పెట్టబోయాడు. ఇనుముకు ఫిట్స్ ఆపే గుణమేదీ లేదని ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా చెయ్యి ఊరుకోదు. నేను మణికట్టు పట్టుకుని నాడి వెతికాను. కొన్ని సెకన్ల పాటు నా వేళ్లకు ఏమీ తగలలేదు.

ఫిట్స్ వచ్చినప్పుడు గుండె వేగం పెరగడం చాలా మందిలో ఉన్నదే. గుండెను నడిపే నరాల మీద పెత్తనం చేసే మెదడు భాగాలు, మెదడులో కణతల వైపు ఉండే టెంపోరల్ లోబ్‌కు దగ్గరగా ఉండటం వల్ల, అక్కడ పుట్టే ఫిట్స్‌లో నాడి నిమిషానికి 100 దాటడం మామూలే. కొందరిలో మెదడులోని విద్యుత్తును నమోదు చేసే ఈఈజీ గీతలు మారడానికి కొన్ని సెకన్ల ముందే గుండె పరుగు అందుకుంటుంది. గుండె నెమ్మదించి కాసేపు ఆగిపోవడం మాత్రం అరుదు. వీడియో ఈఈజీ, అంటే కెమెరాతో చిత్రీకరిస్తూ ఈఈజీ తీసే పరీక్ష, చేయించుకున్న మూర్ఛ రోగుల్లో వెయ్యికి సుమారు ముగ్గురిలో ఇది కనబడింది. సాధారణంగా దానంతటదే మళ్లీ కొట్టుకుంటుంది గాని, ఆ లోపల మనిషి కూలిపడి తలకు దెబ్బ తగిలించుకోవచ్చు. మామూలుగా మొదలైన ఫిట్ మధ్యలో ఒళ్లు మెత్తబడి పడిపోతే, ఆ మాటను డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

ఏ పరీక్షకైనా ముందు పన్నెండు లీడ్ల మామూలు ఈసీజీ తీయించాలి. దీనికి పోటీ లేదు. లాంగ్ క్యూటీ వంటి గుండె జబ్బు మూర్ఛ వేషంలో వచ్చి, ఏళ్ల తరబడి ఫిట్స్ మాత్రలు మింగించిన సందర్భాలున్నాయి. పైగా కార్బమాజెపైన్ వంటి మందులు గుండెలోని విద్యుత్ ప్రసారాన్ని కొందరిలో మందగింపజేస్తాయి. అయితే ఆ కాగితం మీద ఉండేది సుమారు పది సెకన్ల గుండె చప్పుడే.

మాకు మొదట హోల్టర్ పెట్టారు, అంటే గుండె లయను రోజంతా నమోదు చేసే పరికరం. రొమ్ము మీద పట్టీలు అతికించి, నడుముకు చిన్న పెట్టె కట్టి, 24 గంటలు గడిచాక తెమ్మన్నారు. అది మే నెల. మధ్యాహ్నానికి చెమటకు రెండు పట్టీలు లేచిపోతే నేను ప్లాస్టరు వేసి అదిమాను. రిపోర్టులో అంతా సవ్యంగా ఉందని వచ్చింది. ఆ రోజు ఫిట్ రాలేదు మరి! తమ్ముడికి నెలకు మూడు నాలుగు సార్లు మాత్రమే వస్తుంటే, ఒక్క రోజు పెట్టె కట్టి దొరుకుతుందనుకోవడం మా పొరపాటు. హోల్టర్ చవక, ఇంట్లోనే ఉండవచ్చు, రోజూ ఫిట్స్ వచ్చేవారికి పనికొస్తుంది. కానీ మెదడులో అదే సమయంలో ఏం జరిగిందో దానికి తెలియదు.

స్మార్ట్ వాచీ కొనమని చెప్పినవారు చాలా మంది. మణికట్టు కదిలితే దాని లెక్క తప్పుతుంది. వాచీలో ఈసీజీ తీయాలంటే రెండో చేతి వేలిని దాని మీద అర నిమిషం కదలకుండా ఉంచాలి, ఫిట్‌లో ఉన్నవాడు అది ఎలా చేస్తాడు? అమెరికాలో 2018లో అనుమతి పొందిన ఎంబ్రేస్ చేతిపట్టీ కూడా చేతి కుదుపులనూ చర్మం మీది మార్పులనూ కనిపెట్టేదే గాని గుండె లయను చెప్పేది కాదు.

వీడియో ఈఈజీ కోసం పాకాల మీదుగా రైల్లో తిరుపతి వెళ్లి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఖర్చు ఎక్కువ, పక్కన ఒకరు రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండాలి, ఫిట్స్ రావాలని మందు తగ్గిస్తారు కాబట్టి భయం కూడా ఉంటుంది. "ఫిట్ మొదలైతే ఈ బటన్ నొక్కి, దుప్పటి తీసెయ్యమ్మా, కెమెరాకు మాత్రం అడ్డం నిలబడవద్దు" అని టెక్నీషియన్ మొదటి రోజే చెప్పాడు. మూడు ఫిట్స్ వచ్చాయి. రెండింటిలో నాడి 76 నుంచి 130 దాటింది. మూడోదాన్ని డాక్టరు గారు తెర మీద చూపించారు: పైన మెదడు గీతలు చెలరేగాయి, కాసేపటికి కింద ఈసీజీ దెబ్బలు దూరం దూరంగా పడి, 11 సెకన్ల పాటు గీత చదునుగా సాగింది. ఫిట్ ముందు, గుండె ఆగడం తర్వాత. ఈ వరుస తెలియడానికే రెండు గీతలూ ఒకే తెర మీద ఉండాలి. గుండె ముందు ఆగి, దానివల్ల ఒళ్లు కుదిపి ఉంటే వైద్యం వేరే దారిలో సాగేది.

కాబట్టి నెలలో కొన్ని సార్లయినా ఫిట్స్ వచ్చి, పడిపోవడం కూడా ఉన్నవారికి, ఈసీజీ లీడుతో కూడిన వీడియో ఈఈజీయే మేలని నేను గట్టిగా చెబుతాను. ఏడాదికి ఒకటి రెండు సార్లే వచ్చేవారు ఆసుపత్రిలో వారం పడుకున్నా ఫలితం దక్కకపోవచ్చు. వారికి రొమ్ము చర్మం కింద అమర్చి, సుమారు మూడేళ్లు గుండె లయను నమోదు చేసే లూప్ రికార్డర్ అనే చిన్న పరికరం గురించి గుండె డాక్టరుతో మాట్లాడటం నయం. మెదడు సంగతి అది చెప్పదు గనుక, ఫిట్ వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు ఫోనులో వీడియో తీసి చూపించాలి.

గుండెను కనిపెట్టుకుంటే నిద్రలో వచ్చే ఆకస్మిక మరణం తప్పుతుందని కొందరు ఆశపడతారు. మూర్ఛ ఉన్న పెద్దవారిలో ఏడాదికి సుమారు వెయ్యికి ఒకరికి జరిగే ఆ మరణాల్లో, రికార్డయిన వాటిని 2013లో పరిశీలించినప్పుడు, ఒళ్లంతా కొట్టుకునే ఫిట్ తర్వాత ముందు ఊపిరి నిలిచి, ఆపైన గుండె ఆగినట్టు తేలింది. అక్కడ అన్నిటికన్నా అక్కరకు వచ్చేది మందు తప్పకుండా వేసుకోవడం, రాత్రి దగ్గర ఒకరు పడుకోవడం.

తమ్ముడికి మందు మార్చారు. ఫిట్స్ అదుపులోకి రాకపోతేనే పేస్‌మేకర్ మాట ఎత్తుతామన్నారు. అందాకా మేడ మీదికీ బావి దగ్గరికీ ఒంటరిగా వెళ్లనివ్వడం లేదు. నాయన మంచం ఇప్పుడు వాడి మంచం పక్కనే వేశాం.