విండోలు సర్దే పని తప్పింది: కాస్మిక్ డెస్క్‌టాప్‌తో ఆరు వారాలు

పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా పని. స్క్రీన్ మీద ఒక పక్క రచయిత పంపిన మూలప్రతి, ఇంకో పక్క పేజీలు కట్టిన పీడీఎఫ్, వాటి వెనక ఎక్కడో మూడు నిఘంటువులు, తప్పులు రాసుకునే ఫైలు, మెయిలు. 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లో ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. రోజులో ఎన్నిసార్లు విండో అంచు పట్టుకుని జరుపుతానో, ఆల్ట్ ట్యాబ్ నొక్కుతూ కావలసిన విండో దాటిపోయి మళ్లీ చుట్టూ తిరిగి వస్తానో లెక్కే లేదు. లినక్స్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ మీద 9 ఏళ్లు ఇలాగే గడిచాయి. దాని మీద నాకు కోపం లేదు. ఒక్కసారి కూడా నన్ను ఇబ్బంది పెట్టని డెస్క్‌టాప్ అది. కానీ చెయ్యి నొప్పి మొదలయ్యాక, మౌస్‌తో చేసే ఈ సర్దుడులో అసలు పని ఎంత, ఉత్త శ్రమ ఎంత అని ఆలోచించక తప్పలేదు.

టైలింగ్ సంగతి నాకు కొత్త కాదు. విండోలు ఒకదాని మీద ఒకటి పడకుండా, నేలమీద పరిచిన బండల్లా పక్కపక్కనే అమరిపోవడమే టైలింగ్. విండోల అమరిక ఒక్కటే చూసుకునే ఐ3 లాంటి విండో మేనేజర్లు ఈ పని ఎప్పటినుంచో బ్రహ్మాండంగా చేస్తున్నాయి. నేనూ ఒకసారి ఐ3 పెట్టుకున్నాను. నాలుగు రోజులు ఉన్నాను. విండోల అమరిక బాగా నచ్చింది. కానీ వైఫై ఐకాన్ దగ్గర్నుంచి స్క్రీన్ లాక్ దాకా ఒక్కొక్కటీ వెతికి తెచ్చి కాన్ఫిగ్ అనే సెట్టింగ్స్ ఫైల్‌లో రాసుకోవాలి. అది ఇష్టంగా చేసేవాళ్లున్నారు, వాళ్లంటే నాకు గౌరవం. నాకు మాత్రం ఆ టైము ప్రూఫులకి కావాలి. నాకు కావలసింది మామూలు డెస్క్‌టాప్‌కి ఉండే సెట్టింగ్స్, ప్యానెల్, డాక్ అన్నీ ఉంటూనే టైలింగ్ కూడా లోపలి నుంచే ఉండటం. కాస్మిక్ కోసం అంతగా ఎదురుచూసింది అందుకే.

లినక్స్ ల్యాప్‌టాప్‌లు అమ్మే సిస్టమ్76 కంపెనీ తయారుచేసింది దీన్ని. కాస్మిక్ అనే పేరు 2021లో ఆ కంపెనీ సొంత లినక్స్ అయిన పాప్ ఓఎస్ 21.04తోనే వచ్చింది గానీ, అప్పుడది గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్ మీద వేసిన ఎక్స్‌టెన్షన్ల తొడుగు. ఆ తర్వాత గ్నోమ్‌ని పక్కనపెట్టి, రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మొత్తం మొదటి నుంచి రాయడం మొదలుపెట్టారు. పరీక్ష కోసం వదిలిన మొదటి ఆల్ఫా 2024 ఆగస్టులో, స్థిరమైన మొదటి విడుదల 2025 డిసెంబర్‌లో పాప్ ఓఎస్ 24.04తో పాటు వచ్చాయి. పాప్ ఓఎస్సే వాడాలనేం లేదు. ఫెడోరా అనే లినక్స్‌కి కాస్మిక్‌తో వచ్చే రూపం (స్పిన్) ఉంది, ఆర్చ్ అనే ఇంకో లినక్స్ రిపాజిటరీలో ప్యాకేజీలున్నాయి. నేను ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా ఒక సాయంత్రం చూసి, మర్నాడు నా ఆర్చ్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ పక్కనే ఇన్‌స్టాల్ చేసుకున్నాను. నచ్చకపోతే లాగిన్ దగ్గర పాతది ఎంచుకుంటే సరి.

మొదటిసారి లాగిన్ అయితే వింతగా ఏమీ కనిపించదు. పైన ప్యానెల్, కింద డాక్, విండోలు మామూలుగా తేలుతూ ఉంటాయి. సూపర్ కీ (విండోస్ గుర్తు ఉండే కీ) పట్టుకుని వై నొక్కగానే అసలు రూపం బయటపడుతుంది. తెరిచి ఉన్న నాలుగు విండోలూ మెల్లగా జరిగి స్క్రీన్‌ని పంచుకున్నాయి. ఏది వాడుతున్నానో దాని చుట్టూ సన్నటి రంగు గీత. ఐదోది తెరిస్తే ఇప్పుడు వాడుతున్న విండోనే రెండుగా చీలి చోటిస్తుంది. మూసేస్తే పక్కది ఆ చోటు తీసుకుంటుంది. సూపర్‌తో బాణం కీలు నొక్కితే ఒక విండో నుంచి ఇంకో విండోకి వెళ్తాం, షిఫ్ట్ కూడా కలిపితే విండోయే జరుగుతుంది. మౌస్ వదలలేనివాళ్లు టైటిల్ బార్ పట్టుకుని లాగితే ఎక్కడ పడుతుందో ముందే నీడగా చూపిస్తుంది. కాలిక్యులేటర్ లాంటి చిన్నదానికి స్క్రీన్‌లో సగం ఇవ్వడం నచ్చకపోతే సూపర్, జి. అదొక్కటే తేలుతుంది, మిగతావి కదలవు.

నన్ను పూర్తిగా గెలుచుకున్నది ఇదీ కాదు, స్టాక్. విండో మీద ఉండి సూపర్, ఎస్ నొక్కితే దాని నెత్తిన ట్యాబ్‌ల పట్టీ వస్తుంది. వేరే విండోని తెచ్చి దాని నడిమధ్యలో వదిలితే అదీ ఒక ట్యాబ్ అయిపోతుంది. బ్రౌజర్‌లో ట్యాబ్‌లు అందరికీ తెలుసు. ఇక్కడ ట్యాబ్‌లు ఏ ప్రోగ్రాంవైనా కావచ్చు. ఇప్పుడు నా స్క్రీన్ ఎలా ఉంటుందంటే: ఎడమ సగంలో మూలప్రతి. కుడి సగంలో ఒక స్టాక్, అందులో మొదటి ట్యాబ్ ప్రూఫు పీడీఎఫ్, రెండోది తప్పుల ఫైలు, ఆ తర్వాత వరసగా మూడు నిఘంటువులు. మూలప్రతిలో అనుమానం ఉన్న మాట మీద కన్ను ఉంచే, సూపర్ పట్టుకుని కుడి బాణం నొక్కుతూ నిఘంటువుకి వెళ్తాను. మూలప్రతి కదలదు, చిన్నదవదు, దేని వెనకా దాక్కోదు. ఆ వాక్యం చూసిన చోటే ఉంటుంది. చదివేవాడికి అది ఎంత మేలో మాటల్లో చెప్పలేను. కన్ను తప్పిన ప్రతిసారీ పేరాలో చోటు వెతుక్కోవడం, వెతుక్కునేటప్పుడు ఒక పంక్తి దాటేయడం, ఆ దాటిన పంక్తిలోనే అచ్చుతప్పు ఉండిపోవడం నాకు అనుభవమే. మూడో వారానికి నా ఆల్ట్ ట్యాబ్ అలవాటు దాదాపు పోయింది.

ఇంకో మంచి సంగతి, టైలింగ్ ఏ వర్క్‌స్పేస్‌కి ఆ వర్క్‌స్పేస్‌దే. వర్క్‌స్పేస్ అంటే ఒకే స్క్రీన్ మీద మార్చుకుంటూ వాడే విడివిడి చోట్లలో ఒకటి. ప్రూఫుల వర్క్‌స్పేస్‌లో టైలింగ్ ఉంది. ఫొటోలు, మెయిలు చూసేచోట లేదు, అక్కడ విండోలు పాత పద్ధతిలోనే తేలుతుంటాయి. ఐ3 అయితే ఆ ప్రపంచంలోకి మనం పూర్తిగా వెళ్లిపోవాలి. ఇక్కడ ఒక కాలు బయటే ఉంచుకోవచ్చు.

తెలుగు సంగతికి వస్తాను, ఎందుకంటే నాకు డెస్క్‌టాప్ అంటే ముందు అక్షరాలు. కాస్మిక్ అప్లికేషన్లలో అక్షరాల పని చూసేది కాస్మిక్ టెక్స్ట్ అనే సొంత లైబ్రరీ (ప్రోగ్రాంలు పంచుకుని వాడే కోడ్). మిగతా లినక్స్ ప్రోగ్రాంలకి ఆధారమైన జీటీకే, క్యూటీలు వాడిన దారి కాకుండా కొత్తగా రాశారని తెలిసినప్పుడు నా గుండెలో రాయి పడింది. కొత్తగా రాసినచోట ముందు దెబ్బతినేవి మన ఒత్తులే కదా. సెట్టింగ్స్‌లో కీబోర్డ్ దగ్గర తెలుగు లేఅవుట్ కలిపి, సూపర్ స్పేస్‌తో మార్చుకుని, కాస్మిక్ ఎడిటర్ తెరిచి నా పాత పరీక్ష పెట్టాను. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీ అమరికలో ఎం, డి, ఎల్, డి, జె, ఆర్. ఆరు నొక్కులు. స అయ్యింది, స్ అయ్యింది, స్త, స్త్, స్త్ర, చివరికి గుడి దీర్ఘం స మీదికి ఎక్కి స్త్రీ అయ్యింది. తావత్తు, క్రావడి తమ తమ చోట్లలో కుదురుగా ఉన్నాయి. లక్ష్మి, రాష్ట్రం, వైశిష్ట్యం కొట్టాను. ఏదీ విడిపోలేదు. లోపల అక్షరాలు కూర్చడానికి హార్ఫ్‌బజ్ అనే పాత లైబ్రరీ పద్ధతిని రస్ట్‌లోకి తెచ్చిన లైబ్రరీని వాడారు, మన లిపి నియమాలు దాంతోపాటే వచ్చాయి. ఫైల్ పేర్లు, టైటిల్ బార్లు, స్టాక్ ట్యాబ్‌ల మీద పేర్లు అన్నీ తెలుగులో శుభ్రంగా కనిపిస్తున్నాయి. దీనికి నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ సిస్టంలో ఉండాలి, అది మర్చిపోకండి. కమాండ్లు కొట్టే టెర్మినల్‌లో మాత్రం తెలుగు చదవాలని ప్రయత్నించకండి. ప్రతి అక్షరాన్నీ ఒకే వెడల్పు గడిలో కూర్చోబెట్టే ఏ టెర్మినల్‌లోనూ మన గుణింతాలు, ఒత్తులు ఇమడవు, ఇదీ అందుకు మినహాయింపు కాదు.

సెట్టింగ్స్ యాప్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. వెతికింది వెతికినచోట దొరుకుతుంది. విండోల మధ్య ఖాళీ తగ్గించుకున్నాను, చుట్టూ ఉండే గీత కొంచెం మందం చేసుకున్నాను, అంచులు గుండ్రంగా కాకుండా పలకగా పెట్టుకున్నాను. క్యాప్స్ లాక్‌ని కంట్రోల్‌గా మార్చుకునే ఎంపిక అక్కడే ఉంది.

ఈ సెట్టింగ్స్ ఎక్కడ దాచుకుంటుందో చూస్తే నాకు ఒక ముచ్చటైన విషయం దొరికింది. హోమ్‌లో కాన్ఫిగ్ డైరెక్టరీ కింద కాస్మిక్ అనే ఫోల్డర్. అందులో ఒక్కో భాగానికి ఒక్కో ఫోల్డర్. దాని లోపల ఒక్కో సెట్టింగ్‌కి ఒక్కో చిన్న ఫైల్. డార్క్ మోడ్ ఉందో లేదో చెప్పే ఫైల్ తెరిస్తే లోపల ఒకే ఒక్క మాట: ట్రూ. సెట్టింగ్స్‌లో లైట్ మోడ్ నొక్కి మళ్లీ తెరిచాను: ఫాల్స్. ఇంతే. నేనే ఫైల్‌లో ట్రూ అని రాసి సేవ్ చేస్తే స్క్రీన్ మొత్తం అప్పటికప్పుడు నల్లబడింది. మనిషి చదవగలిగే ఫైళ్లు, ఒక్కోదానిలో ఒక్కో విషయం. ఆ ఫోల్డర్ మొత్తం నా బ్యాకప్‌లో కలిపేశాను. కంప్యూటర్ మారినా నా అమరిక నాతోనే వస్తుంది.

కష్టపడిన సంగతులూ చెప్పాలి. విండోలని స్క్రీన్ మీద చూపించే పద్ధతులు లినక్స్‌లో రెండు: పాతది ఎక్స్11, కొత్తది వేలాండ్. కాస్మిక్ పూర్తిగా వేలాండ్ మీదే నడుస్తుంది, ఎక్స్11 సెషన్ అసలు లేదు. పాత ఎక్స్11 ప్రోగ్రాంలు ఎక్స్‌వేలాండ్ అనే వారధి ద్వారా నడుస్తాయి, వాటికి బాధ లేదు. బాధ నా స్క్రిప్టులకి. పొద్దున్నే ఒక కమాండ్‌తో నా విండోలన్నీ తెరిచి వాటి వాటి చోట్లలో పెట్టే స్క్రిప్ట్ ఒకటి ఎక్స్‌డూటూల్ అనే ఎక్స్11 పనిముట్టుతో రాసుకున్నాను, ఏళ్ల తరబడి వాడాను. మొదటి రోజు అది ఏమీ చెయ్యకుండా నిశ్శబ్దంగా ముగిసిపోయింది. వేలాండ్‌లో ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాం విండోని చూడడం, కదపడం, మనం నొక్కినట్టుగా దానికి కీలు పంపడం కుదరదు. ఎక్స్11 పుట్టిన 1987లో ఒక స్క్రీన్ మీద ఉన్న ప్రోగ్రాంలన్నీ ఒకదాన్నొకటి నమ్మేవి. అందువల్లే ఏ ప్రోగ్రాం అయినా మనం కొట్టే పాస్‌వర్డ్‌ని వినగలిగేది కూడా. ఆ తలుపు మూయడం సరైన పనే అని నేను మనసారా నమ్ముతాను. అయినా నా స్క్రిప్ట్ పోయినందుకు ఒక పూటంతా దిగులుగానే ఉంది. దానిలో సగం పనిని ఇప్పుడు టైలింగే చేస్తోంది, మిగతా సగం, అంటే ఏ ఫైల్ ఏ చోట అన్నది, రోజూ చేత్తో చేసుకుంటున్నాను.

స్క్రీన్ షేరింగ్ దగ్గర కూడా ఒకసారి చిక్కుకున్నాను. నేను వాడే ఒక మీటింగ్ యాప్ పాత ఎక్స్11 పద్ధతిలో స్క్రీన్ పట్టుకోబోయి అవతలివాళ్లకి నల్లటి తెర చూపించింది. ఎడిటర్ ఎదురుచూస్తుంటే పదినిమిషాలు తడుముకున్నాను. అదే మీటింగ్‌ని బ్రౌజర్‌లో తెరిస్తే ఏ విండో చూపించాలో అడిగి, వెంటనే చూపించింది. మీకు మీటింగ్‌లు ఎక్కువైతే ఈ పరీక్ష ముందే చేసుకోండి, మీటింగ్ మధ్యలో కాదు.

లాంచర్ చాలా బాగుంది. సూపర్ ఒక్కసారి తట్టి పేరులో రెండక్షరాలు కొడితే ప్రోగ్రాం వస్తుంది, తెరిచి ఉన్న విండో అయితే దాని దగ్గరికే తీసుకెళ్తుంది. సమానం గుర్తు పెట్టి లెక్క రాస్తే జవాబు అక్కడే కనిపిస్తుంది. అచ్చులో ఒక ఫారానికి 16 పేజీల లెక్కన ఎన్ని ఫారాలో చూసుకోవడానికి రోజూ వాడుతున్నాను.

ఫైల్ మేనేజర్ దగ్గర నా మనసు ఇంకా ఎక్స్‌ఎఫ్‌సీఈలో వాడిన థునార్ వైపే ఉంది. కాస్మిక్ ఫైల్స్ చురుగ్గా ఉంది, ట్యాబ్‌లున్నాయి, పని ఆగదు. కానీ థునార్‌లో నేను పోగుచేసుకున్న కస్టమ్ యాక్షన్లు, ఒకేసారి వంద ఫైళ్ల పేర్లు మార్చే పనిముట్టు నాకు కుడిచెయ్యి లాంటివి. అందుకని థునార్‌నే తెచ్చి ఇక్కడ వాడుతున్నాను. టైలింగ్‌లో ఏ ఇబ్బందీ లేకుండా ఇమిడిపోయింది, రంగులు మాత్రం చుట్టూ ఉన్నవాటితో పూర్తిగా కలవలేదు.

పాత మెషీన్ ఉన్నవాళ్లకి ఒక మాట. గ్రాఫిక్స్ బలహీనంగా ఉండి, ర్యామ్ తక్కువున్న కంప్యూటర్లో ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎంత తేలిగ్గా నడుస్తుందో ఇది అంత తేలిగ్గా నడుస్తుందని అనుకోకండి. మా ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌లో నేను దాన్ని మార్చలేదు, మార్చను కూడా.

చూడాలనుకుంటే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా మొదలుపెట్టండి. మొదటి రోజే అన్నిచోట్లా టైలింగ్ పెట్టుకోవద్దు. ఒక్క వర్క్‌స్పేస్‌లో పెట్టుకుని, మీరు రోజూ జంటగా తెరిచే రెండు విండోలని అక్కడికి తీసుకెళ్లండి. మూడోది తెరవాల్సి వచ్చినప్పుడు పక్కన పెట్టకండి, రెండోదాని మీద సూపర్, ఎస్ నొక్కి అందులోకి వదలండి. నేను మొదటి వారం అంతా విండోలని పక్కపక్కన పేరుస్తూ పోయి, ఒక్కోటీ అరచేతంత అయ్యాక విసుగొచ్చి దాదాపు వదిలేశాను. రెండో వారంలో గానీ స్టాక్ నా చేతికి చిక్కలేదు.