అమెరికా కరువు పని కాగితాలు: లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటు మీద ఒక మేటు అభిప్రాయం

మాది కావలి దగ్గర, బకింగ్‌హామ్ కాలువ పక్క ఊరు. ఉపాధి హామీలో నాలుగేళ్లు మేటుగా, అంటే కూలీల హాజరు, కొలతలు చూసే మనిషిగా చేశాను. మా ఊళ్లో ఆ పనిని ఇప్పటికీ కరువు పని అనే అంటారు. అమెరికాలో ఒకప్పుడు కరువు పని కింద రచయితలకూ జీతాలిచ్చారని మా తమ్ముడు చెబితే నేను నమ్మలేదు. వాడు పంతానికి అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటు పంపాడు. రెండు నెలలుగా రాత్రిపూట ఇదే చదువుతున్నాను.

1929 తర్వాతి మాంద్యంలో అక్కడ కోటి మందికి పైగా పని పోయింది. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పని లేనివాళ్లకు పని ఇచ్చే డబ్ల్యూపీఏ అనే పథకం పెట్టి రోడ్లు, వంతెనలు, బడులు కట్టించింది. అందులోనే ఒక చిన్న పాయ ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్టు. పేరున్న నల్లజాతి రచయితలు రాల్ఫ్ ఎలిసన్, జోరా నీల్ హర్‌స్టన్ వంటివారు కూడా అందులో జీతం తీసుకున్నవాళ్లే. రాష్ట్రాలకు గైడు పుస్తకాలు రాయడం, మామూలు మనుషుల దగ్గర కూర్చుని వాళ్ల కథ రాసుకోవడం వాళ్ల పని.

సైటులో జీవిత కథలు 2,900 దాకా ఉన్నాయి. బానిసత్వంలో పుట్టినవాళ్లు చెప్పినవి 2,300 పైగా వేరే ఉన్నాయి. డబ్బు కట్టనక్కరలేదు, ఓటీపీ అడగదు. టైపు చేసిన కాగితాలను ఉన్నవి ఉన్నట్టే ఫొటో తీసి పెట్టారు. పెన్సిలు కొట్టివేతలు కూడా కనిపిస్తాయి.

నన్ను పట్టేసింది మాత్రం కథల ముందుండే ఫారం–ఎ. ఎవరితో, ఎప్పుడు, ఎక్కడ మాట్లాడారన్న వివరాల తర్వాత, ఆ గది, ఇల్లు, చుట్టుపక్కల ఎలా ఉన్నాయో రాయమని ఒక గడి ఉంది. సర్కారు ఫారంలో ఇంటి వర్ణనకు చోటు! నా మస్టరులో పేరు, జాబ్ కార్డు నంబరు, హాజరు ఉండేవి. కొలతల పుస్తకంలో గుంత పొడవు, వెడల్పు, లోతు. యాప్ వచ్చాక రెండు పూటలా ఫొటో. తట్ట మోస్తూ ఆడవాళ్లు చెప్పుకున్న కబుర్లకు ఏ గడీ లేదు. మా కాలువలోనే మద్రాసు నగరం దగ్గరి ముక్కను 1877–78లో, ధాత కరువు నాడు, కూలీల చేత తవ్వించారు. వాళ్ల మాటలు రాసుకోమని ఎవరికైనా జీతమిచ్చారని నేనెక్కడా వినలేదు.

లోపాలు లేకపోలేదు. బానిసత్వం కథల్లో ముసలివాళ్ల యాసను రాసినవాళ్లు తమకు వినపడినట్టు వంకర స్పెల్లింగుల్లో పెట్టారు. ఫోను అనువాదం ‘డిస్’, ‘డాట్’ (దిస్, దట్) అన్నవాటి దగ్గరే చేతులెత్తేసింది. బిగ్గరగా చదివితే అర్థమవుతుంది. రాసుకున్నవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. కొందరు ముసలివాళ్లు ఆ వచ్చినవారు పింఛను మంజూరు చేస్తారనుకున్నారట. అలాంటప్పుడు పాత దొర గురించి ఉన్నదంతా చెప్పేస్తారా? అందుకే దొర మంచివాడన్న వాక్యం కనబడితే నేను కాస్త ఆగి చదువుతాను.

బానిసత్వం కథల కోసం అడగాల్సిన ప్రశ్నల పట్టిక తయారుచేసినవారిలో జానపద పాటలు సేకరించిన జాన్ లోమాక్స్ ఒకరు. అందులో ఏం తినేవాళ్లు, ఎలా వండుకునేవాళ్లు అన్న ప్రశ్న ఉంది. మొన్న కరెంటు పోయినప్పుడు అదే మా ఎదురింటి అవ్వను అడిగాను. ఆరికలు దంచే రోలు, ఊకలో మిగిలిన నూకలతో కాచిన జావ, దాన్ని ముందు మగపిల్లలకు పోసిన సంగతి, ఇవన్నీ వచ్చాయి. నేను పాత మస్టరు కాగితం వెనక రాసుకుంటుంటే, “నా ఆధార్ నంబరు కూడా వేసుకో అమ్మా, మళ్లీ తిరగలేను” అంది.

ఐదుకు నాలుగు ఇస్తాను. బానిసత్వం కథల సంపుటం మొత్తం దింపుకోవాలంటే ఫైలు చాలా పెద్దది, నా ఫోను రెండుసార్లు ఆగిపోయింది. ఒక్కొక్క కథే తెరుచుకుని చదవండి.