పాలకు వంక లేదు, పెంపకానికే ఉంది

ఏడాదిగా మేము పాలు తెప్పించుకుంటున్న డెయిరీ సందర్శకులను అనుమతించిన రోజున నేనూ వెళ్లి చూశాను. పాలు చిక్కగా ఉంటాయి, వేళకు అందుతాయి; అందులో వంక పెట్టడానికి లేదు. అయితే ఏడాది పొడవునా ఆవులను కొట్టం దాటనివ్వని ఆ పద్ధతిని మెచ్చుకోవడం నా వల్ల కాలేదు. ఆవు రోజుకు సుమారు 12 గంటలు పడుకోవాలి. అక్కడ ఒక ఆవు వెనుక గిట్టను తడి కాంక్రీటుకు ఆనించలేక, బరువును అటూ ఇటూ మార్చుకుంటూ నిలబడే ఉంది, దాని కాలి కీలు దగ్గర వెంట్రుకలు రాలి చర్మం ఎర్రబడింది. దూడలను పుట్టిన రోజే వేరు చేస్తామని వెంట వచ్చిన ఉద్యోగి మామూలుగా చెప్పారు. ఫ్యాన్లకు, నీళ్లకు మాత్రం లోటు లేదు.

కొట్టం వెనుక పేడనీటి గుంట ఉంది. దాణా ఎక్కడెక్కడి పొలాల నుంచో వస్తుంది, పేడ మాత్రం ఒక్కచోటే పోగవుతుంది. పైరు పీల్చుకోగలిగిన దానికంటే ఎక్కువగా దాన్ని పొలాలకు పెడితే, మిగిలిన నత్రజని నైట్రేటుగా మారి భూగర్భజలంలోకి దిగుతుంది, భాస్వరం వానకు కొట్టుకుపోయి చెరువుల్లో నాచును పెంచుతుంది. ఒక్క ఆవూ గడ్డి మీద అడుగు పెట్టని చోట, ప్యాకెట్టు మీద పచ్చిక బొమ్మ ఎందుకు వేశారో నాకు అర్థం కాలేదు. 5కు 2 ఇస్తున్నాను.