రాజమండ్రి పాతూరా, యానామా: నడిచి చూడ్డానికి ఏది?

ఒక్క పూటే తీరికుంటే రాజమండ్రికే మా ఓటు. తెల్లారగట్ల పుష్కరఘాట్ దగ్గర మొదలుపెట్టి, మార్కండేయస్వామి గుడి చూసుకుని, కోటగుమ్మం, మెయిన్ రోడ్డు మీదుగా 1890లో కందుకూరి వీరేశలింగం కట్టించిన టౌన్‌హాలు దాకా నడవండి. ఎండెక్కాక బయల్దేరితే దుకాణాలు తెరుచుకుని, బళ్ల రద్దీలో తలెత్తి పాత మేడలు చూసే వీలుండదు. 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెనను గట్టు మీంచి తప్పక చూడాలి, గోదారి అందం అక్కడే తెలుస్తుంది. రేవు మెట్లకు పాచి పడుతుంది, నున్నటి చెప్పులు జారతాయి.

యానాం చిన్నది, నేల చదును. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడి. పాత చర్చి, గౌతమి ఒడ్డు చూడ్డానికి ఒక సాయంత్రం చాలు. పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం ఇదే హాయి.