క్యూఎమూ-కేవీఎం ఆరేళ్ళ వాడకం: తగిలించడం తేలికే, పీకడమే తలనొప్పి

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో సగం ఒడియా, ఊరు దాటి పాతపట్నం వెళ్తే మళ్ళీ తెలుగే. 2019 నుంచి ఇంటి నుంచే పని చేస్తున్నాను. ఒక కంపెనీకి (పేరెందుకులెండి) పీసీఐ కార్డులకి (కంప్యూటర్ లోపలి స్లాట్లలో గుచ్చేవి) లినక్స్ డ్రైవర్లు రాయడం, రాసినవాటిని పరీక్షించడం నా పని. కార్డులన్నీ కొరియర్‌లో ఇక్కడికి తెప్పించుకోవడం అయ్యే పని కాదు కాబట్టి కార్డు నమూనాని క్యూఎమూలోనే (కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మెషీన్‌ని, నడిపే సాఫ్ట్‌వేర్) సీ భాషలో రాసుకుని, రోజంతా దాని మీదే కూర్చుంటాను. ఇది కాక మా మావయ్య బట్టల కొట్లో పాత లెక్కల సాఫ్ట్‌వేర్ కూడా నేనే ఒక వర్చువల్ మెషీన్‌లో పెట్టి నడుపుతున్నాను. అంటే ఉద్యోగానికీ చుట్టరికానికీ రెండిటికీ ఇదే. రెండోదే కష్టం.

వేగం గురించీ ఇన్‌స్టాలేషన్ గురించీ పెద్దగా రాయను. క్యూఎమూకి వేగాన్నిచ్చే కేవీఎం 2007లోనే లినక్స్ కెర్నెల్లో చేరిపోయింది, ఆ భాగం ఎప్పుడో నలిగిపోయిన బాట, నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. నా గోలంతా నడుస్తున్న మెషీన్‌కి ఏదైనా తగిలించినప్పుడు, తగిలించినదాన్ని పీకినప్పుడు.

ముందు పీకడం సంగతి. క్యూఎమూ మానిటర్‌లో (కమాండ్లు కొట్టే చోటు, తెర కాదు) డివైస్_డెల్ అని కొడితే ఏ ఎర్రరూ లేకుండా ప్రాంప్ట్ వెనక్కి వచ్చేస్తుంది, కొత్తలో నేను పని అయిపోయిందనుకునేవాణ్ణి. అవ్వలేదు. ఆ కమాండ్ చేసేది గెస్ట్‌కి (వర్చువల్ మెషీన్ లోపల నడిచే సిస్టమ్‌కి) కబురు పెట్టడం వరకే. అద్దెకున్నవాళ్ళని ఇల్లు ఖాళీ చెయ్యమంటే "అలాగేనండి" అంటారు చూడండి, అంతే అది. సామాను సర్దుకుని తాళం మన చేతిలో పెట్టేదాకా ఇల్లు మనది కాదు. ఇక్కడ ఆ తాళం డివైస్_డిలీటెడ్ అనే ఈవెంట్. అది క్యూఎంపీ సాకెట్‌లో (ప్రోగ్రాములు క్యూఎమూతో మాట్లాడే దారి) వస్తుంది, మనం మామూలుగా కమాండ్లు కొట్టుకునే మానిటర్‌లో కనబడదు. గెస్ట్ ఇంకా బూట్ అవుతుండగా పీకమన్నామనుకోండి, కబురు అందుకునే నాథుడే ఉండడు. కంగారుపడి మళ్ళీ కొడితే, ఇప్పటికే తీసే పనిలో ఉందని కసురుతుంది.

నా మొదటి టెస్ట్ స్క్రిప్టు కార్డుని పీకి, రెండు సెకన్లు ఆగి, అదే ఐడీతో మళ్ళీ తగిలించేది. పాత పీసీ మెషీన్ టైపులో (క్యూఎమూ ఏ రకం మదర్‌బోర్డులా నటించాలో చెప్పేది) బాగానే ఆడింది. క్యూ35 అనే కొత్త టైపుకి మారగానే ప్రతిసారీ డూప్లికేట్ ఐడీ అని పడిపోవడం మొదలుపెట్టింది. కారణం తెలిశాక నవ్వొచ్చింది: పీసీఐఈ (క్యూ35 వాడే కొత్త తరం పీసీఐ) సొంత పద్ధతిలో పీకమనడమంటే నిజం సర్వర్ మీద అటెన్షన్ బటన్ నొక్కినట్టు, నొక్కినవాడు మనసు మార్చుకుంటాడేమోనని గెస్ట్ కెర్నెల్ 5 సెకన్లు ఆగుతుంది. లేని బటన్, లేని వేలు, అయినా మర్యాదగా ఆగుతుంది. క్యూఎమూ 6.1 నుంచి క్యూ35లో కూడా, పాత పీసీ టైపులో లాగే, ఏసీపీఐ దారే డిఫాల్ట్ అయింది కాబట్టి ఆ ఆగడం ఉండదని సంబరపడి డెబియన్ 11 నుంచి 12కి ఎక్కాను, అంటే క్యూఎమూ 5.2 నుంచి 7.2కి. పాత మెషీన్లు మాత్రం ఎప్పటిలాగే ఆగుతున్నాయి. చూస్తే లిబ్‌వర్ట్ (క్యూఎమూ మెషీన్లని మన తరఫున నడిపిపెట్టే సాఫ్ట్‌వేర్) ఎక్స్‌ఎంఎల్‌లో మెషీన్ టైపు పీసీ-క్యూ35-5.2 అని రాసి ఉంది. సాఫ్ట్‌వేర్ కొత్తదైనా పాత మెషీన్‌కి పాత నడవడికే ఇస్తుంది, అది కావాలని పెట్టిన ఏర్పాటు, మంచిదే, కానీ ఎక్కడా చెప్పదు.

క్యూ35తో ఇంకో పేచీ, దాని మూల బస్సుకి నేరుగా ఏదీ తగిలించనివ్వదు, ఖాళీ రూట్ పోర్టులు (కార్డు గుచ్చే స్లాట్ల లాంటివి) ముందే పెట్టుకోవాలి. నేను ప్రతి మెషీన్‌కీ నాలుగు ఎక్కువే పెడతాను, పెళ్ళి భోజనాల్లో నాలుగు విస్తళ్ళు అదనంగా వేసినట్టు. పోర్టు ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. 256 ఎంబీ బార్ (కార్డు తన కోసం అడిగే చిరునామాల జాగా) ఉన్న కార్డు నమూనా తగిలిస్తే క్యూఎమూ కిక్కురుమనలేదు, గెస్ట్ డీమెసేజ్‌లో (కెర్నెల్ లాగ్‌లో) మాత్రం జాగా లేదు, అసైన్ చెయ్యలేకపోయాను అని రెండు లైన్లు. బూట్ అప్పుడు ఫర్మ్‌వేర్ ఒక్కో పోర్టుకీ ఇంత అని చిన్న కిటికీ కొలిచి పెట్టేస్తుంది, తర్వాత వచ్చినవాడు అందులో పట్టాలి. మా నౌపడా-గుణుపురం లైను చిన్న గేజులో ఉన్న రోజుల్లో పెద్ద బోగీ ఎంత బాగున్నా ఆ పట్టాల మీదకి రాలేదు కదా, అలాగే. రూట్ పోర్టుకి ప్రెఫ్64-రిజర్వ్ అని ముందే 512 ఎంబీ ఇస్తే సమస్య తీరింది. ఆ ఆప్షన్ ఉందని తెలియడానికి నాకు ఒక వర్షాకాలం పట్టింది.

ఇప్పుడు అసలు కథ, మెమరీ. నేను ఎప్పుడూ 2 జీబీ గెస్ట్‌లతోనే పరీక్షలు చేసేవాణ్ణి. మెమరీ హాట్‌ప్లగ్‌తో (నడుస్తుండగానే తగిలించడంతో) కూడా డ్రైవర్ నిలబడుతుందో లేదో చూడమన్నారు కాబట్టి 4 జీబీ గెస్ట్ ఒకటి చేసి, స్లాట్లు 4, మాక్స్‌మెమ్ 16 జీబీ అని ఇచ్చి, నడుస్తుండగా 1 జీబీ డిమ్ (మెమరీ పలక) తగిలించాను. ఫ్రీ కమాండ్ కొడితే అదే 4. మెమరీ రాలేదనుకున్నాను. వచ్చింది, పడుకుని ఉంది: గెస్ట్ సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ తన సంగతులు ఫైళ్ళుగా చూపే చోట) మెమరీ48 నుంచి మెమరీ55 దాకా ఎనిమిది కొత్త బ్లాకులు, అన్నీ ఆఫ్‌లైన్. ఒక్కో బ్లాకు 128 ఎంబీ. 48 నుంచే ఎందుకు మొదలైందో ఆ పూట పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే మూడు రోజులు మిగిలేవి.

బ్లాకులు ఆన్‌లైన్ చేశాక గెస్ట్‌కి పిచ్చెక్కింది. ఒకసారి ఫైల్ సిస్టమ్ తప్పులు, ఒకసారి మొత్తం బిగుసుకుపోవడం, ఒకసారి ఏమీ కాదు. కొత్తగా వచ్చింది హాట్‌ప్లగ్ కాబట్టి దాన్నే తిట్టుకున్నాను, మధ్యలో ఇన్వర్టర్‌నీ తిట్టాను. మూడో రోజు రాత్రి డ్యాష్ డీ గెస్ట్_ఎర్రర్స్ అని పెట్టి నడిపితే లాగ్‌లో ఇన్వాలిడ్ యాక్సెస్ అంటూ వరసగా చిరునామాలు, అన్నీ హెక్సులో 80000000 దాటి కొంచెం పైన. సరిగ్గా 2 జీబీ గీత. పక్క విండోలో ఇన్ఫో ఎమ్‌ట్రీకి డ్యాష్ ఎఫ్ తగిలించి కొట్టాను, అది మొత్తం చిరునామాల పటాన్ని చదును చేసి చూపిస్తుంది. క్యూ35లో 4 జీబీ ఇస్తే కింద 2 జీబీనే పెట్టి, తర్వాత పీసీఐ కోసం ఖాళీ వదిలి, మిగతా రెండిటినీ 4 జీబీ గీత పైన పెడుతుంది, అంటే 4 నుంచి 6 దాకా. కొత్త డిమ్ ఆ 6 దగ్గర మొదలవుతుంది. ఇన్ఫో మెమరీ-డివైసెస్ కొడితే అదే చెప్పింది, హెక్సులో 180000000. 6 జీబీని 128 ఎంబీతో భాగిస్తే ఎంత? 48.

అక్కడ వెలిగింది. హెక్సు 180000000లో ముందున్న ఒకటి కొట్టేస్తే 80000000. మన డ్రైవర్లో ఎక్కడో ఎవరో (నేనే) బఫర్ (కార్డు డేటా రాసే మెమరీ ముక్క) చిరునామాని 32 బిట్ల వేరియబుల్‌లో దాచారు, 4 జీబీ దాటిన చిరునామా అందులో పట్టదు. డిమ్‌లో పడ్డ బఫర్ల చిరునామాలు తెగిపోయి ర్యామే లేని ఖాళీలో పడుతున్నాయి, అందుకే లాగ్‌లోకి ఎక్కాయి. మరి 4 నుంచి 6 మధ్య బఫర్లు? అవి తెగితే 0 నుంచి 2 మధ్యలో పడతాయి, అక్కడ నిజంగానే ర్యామ్ ఉంది, ఇంకెవరిదో పేజీ మీద కార్డు తన డేటా రాసేసి ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోతోంది, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. డిమ్ తీసేసి 4 జీబీతోనే నడిపి చూశాను, అదే పిచ్చి. మూడు రోజులు నేను తిట్టిన హాట్‌ప్లగ్గే సాక్ష్యం చెప్పి గట్టెక్కించింది. 2 జీబీ గెస్ట్‌లో మొత్తం మెమరీ కిందే ఉండేది కాబట్టి రెండేళ్ళు ఈ తప్పు బయటపడలేదు. ఇప్పుడు ఏ డ్రైవర్ పరీక్షైనా 4 జీబీకి తక్కువ గెస్ట్‌లో మొదలుపెట్టను.

డిమ్ వెనక్కి తీయడం మాత్రం ఇప్పటికీ లాటరీయే. కెర్నెల్ తన కదలని పేజీలు అందులో పెట్టుకుంటే ఇవ్వదు, ఆన్‌లైన్ చేసేటప్పుడే ఆన్‌లైన్_మూవబుల్ అని చెయ్యాలి. వీఎఫ్‌ఐఓతో అసలు కార్డు ఇచ్చి ఉంటే ఇంకో మెలిక: గెస్ట్ మెమరీ అంతా హోస్ట్‌లో (గెస్ట్‌ని నడిపే అసలు కంప్యూటర్‌లో) లాక్ అయి ఉంటుంది, కొత్త డిమ్ కూడా లాక్ అవ్వాలి, చేత్తో పెట్టుకున్న మెమ్‌లాక్ పరిమితి చాలకపోతే మైనస్ 12 అని వస్తుంది. హోస్ట్‌లో 20 జీబీ ఖాళీగా ఉండగా మెమరీ లేదంటే ఎవరికైనా మండుతుంది.

మార్కులు వెయ్యమంటే ఐదుకి నాలుగు. లోపల ఏముందో అడిగినంతా చూపిస్తుంది, ఇంత లోతుగా చూపించేది నేను ఇంకోటి వాడలేదు. ఆ ఒక్క మార్కు పోయింది అడిగితేనే చెప్తుంది కాబట్టి, అదీ సగం హోస్ట్‌లో, సగం గెస్ట్‌లో.

మావయ్య కొట్టు సంగతి మిగిలింది. ఆ లెక్కల సాఫ్ట్‌వేర్‌కి యూఎస్‌బీ డాంగిల్ ఉంది, అది గుచ్చి ఉంటేనే నడుస్తుంది, మావయ్య దాన్ని తాళం అంటాడు. మధ్యాహ్నం కరెంటు ఇలా పోయి అలా వస్తే ఫోను: "ఒరే అల్లుడూ, మళ్ళీ తాళం కనబడట్లేదంటందిరా." ఎవరైనా తీశారా అంటే, "ఎవుడు తీస్తాడురా, కరెంటు పోయొచ్చింది, అంతే." అదే అసలు జబ్బు. హబ్ ఒకసారి కొట్టుకుంటే హోస్ట్‌లో డాంగిల్ నంబరు 7 పోయి 8 అవుతుంది. మెషీన్ లేచినప్పుడు లిబ్‌వర్ట్ 7 అని పట్టుకుని ఇచ్చింది కాబట్టి, గెస్ట్‌కి సంబంధించినంతవరకు తాళం పోయినట్టే. ఆ మెషీన్‌ని లిబ్‌వర్ట్ లోంచి తీసి నేరుగా క్యూఎమూ స్క్రిప్టుతో నడిపి, యూఎస్‌బీ-హోస్ట్‌కి నంబరు బదులు బస్సూ పోర్టూ ఇచ్చాను. పోర్టు మారదు కదా, డాంగిల్ పోయి వచ్చినా దానంతటదే మళ్ళీ తగులుకుంటుంది.

మూడు నెలలు ఫోను లేదు. నాలుగో నెల, "ఒరే, బిల్లుల మెషీన్లో ఎవడిదో ఫోటోలొస్తున్నాయిరా!" కొట్టు కుర్రాడు డాంగిల్ పీకి ఆ పోర్టులో తన ఫోను చార్జింగ్ పెట్టాడు, పోర్టు మాత్రమే చూడమన్నాను కాబట్టి క్యూఎమూ ఆ ఫోనునే తీసుకెళ్ళి విండోస్ చేతిలో పెట్టింది. ఆ రోజే వెండర్ ఐడీ, ప్రోడక్ట్ ఐడీ కూడా కలిపాను. మావయ్య పోర్టు పక్కన ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి చీటీ అంటించాడు. కుర్రాడు పక్క పోర్టుకి మారాడు.